చిటికెకీ ఈలకీ నడుమ ఏడాది

దీపాలు వెలిగాయి. ఎవరూ లేవలేదు.

2018 ఏప్రిల్ నెలాఖరు, హైదరాబాద్‌లో ఒక మల్టీప్లెక్స్, సాయంత్రం ఆట. ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ అయిపోయిందని తెర చెబుతోంది, హాలు నమ్మడం లేదు. విలన్ తానోస్ చిటికె వేశాడు. సృష్టిలో సగం ప్రాణులు బూడిదై గాల్లో కలిసిపోయాయి. బ్లాక్ పాంథర్ పోయాడు, డాక్టర్ స్ట్రేంజ్ పోయాడు, కుర్ర స్పైడర్‌మ్యాన్ ఐరన్ మ్యాన్ టోనీ స్టార్క్ చేతుల్లోనే పోయాడు. ఇంత చేసినవాడేమో కోతలు ముగించుకుని ఇంటికొచ్చిన రైతులా గుమ్మం ముందు కూర్చుని తీరిగ్గా పొద్దు చూస్తున్నాడు. అంతే, పేర్లు పడ్డాయి.

నా ముందు వరసలో స్పైడర్‌మ్యాన్ చొక్కా వేసుకున్న ఏడెనిమిదేళ్ల పిల్లాడు సీటు వదలనంటున్నాడు. “మళ్లీ వస్తాడ్రా, వచ్చే ఏడాది ఇంకో పార్టుంది” అని తండ్రి బుజ్జగిస్తున్నాడు. “బూడిదైపోయాడుగా నాన్నా, ఎలా వస్తాడు?” అన్నాడు వాడు. తండ్రి దగ్గర జవాబు లేదు. ఆ మాటకొస్తే హాల్లో ఎవరి దగ్గరా లేదు. గోడ పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డ ఆవిడ మాత్రం తొందరపడలేదు. “ఈ సినిమాలకి ఇంతే సార్, పేర్లన్నీ అయ్యేదాకా కదలరు” అంది.

మన హాళ్లకు ఈలలు కొత్త కాదు. హీరో ఎంట్రీకి పేపర్లు ఎగరడం, బెనిఫిట్ షోలో పాట రాగానే తెర ముందుకెళ్లి స్టెప్పులేయడం చూస్తూ పెరిగినవాళ్లం. హాలు హాలంతా గొంతు పడిపోయి కూర్చోవడం మాత్రం అరుదు. నాలుగు ఫైట్లు, ఒక స్లో మోషన్ నడక ఉంటే ఈల పడుతుంది. ఆ నిశ్శబ్దం కోసం మార్వెల్ పదేళ్లు ఖర్చుపెట్టింది. 2008లో ‘ఐరన్ మ్యాన్’తో మొదలుపెట్టి లెక్కిస్తే ‘ఇన్ఫినిటీ వార్’ పంతొమ్మిదో సినిమా. మొదటిది ఇంటర్‌లో ఉండగా చూసినవాడు దీనికి పెళ్లాంతో వచ్చాడు. తెర మీద ఎవరు ఎవరిని కలుసుకున్నా, ఆ రోజు హాల్లో జనం కలుసుకున్నది తమ పదేళ్లనే.

నిజానికి ఇలాంటి దెబ్బ మనం అంతకుముందే తిని ఉన్నాం. 2015 జులై 10న ‘బాహుబలి’ మొదటి భాగం కట్టప్ప కత్తిపోటుతో ఆగిపోయింది. ‘ఎందుకు చంపాడు’ అన్న ప్రశ్న 2017 ఏప్రిల్ 28 దాకా, అంటే దాదాపు రెండేళ్లు, టీ కొట్టు నుంచి పెళ్లి పందిరి దాకా నలిగింది. రెండో భాగం వచ్చిన సరిగ్గా ఏడాదికి, ఒక్క రోజు ముందుగా, ఏప్రిల్ 27న ‘ఇన్ఫినిటీ వార్’ దిగింది. తానోస్‌కు తెలుగులో గొంతు ఇచ్చింది రానా దగ్గుబాటి. భల్లాలదేవుడి గొంతు మళ్లీ వినిపించింది, ఈసారి ఒక్క మాహిష్మతి కాదు, విశ్వమంతా వాడి గుప్పిట్లో ఉంది. ఇంగ్లిష్‌లో చూసినవాళ్లు డబ్బింగ్ అనగానే ముఖం చిట్లిస్తారు కానీ, విలన్ మీద భయంతో పాటు కాస్త గౌరవం కూడా తెలుగు వెర్షన్‌లోనే ఎక్కువ కలిగిందని నా అభిప్రాయం.

తర్వాతి ఏడాదంతా అభిమానులకు ఒకటే పని: ఎలా గెలుస్తారో తేల్చడం. డాక్టర్ స్ట్రేంజ్ 1,40,00,605 భవిష్యత్తులు చూస్తే అందులో ఒక్కదాంట్లోనే గెలుపుందని సినిమాలోనే చెప్పేశారు. ఇంకేం, ఆ ఒక్క దారి ఏదో వెతకడానికి ప్రపంచమంతా కూర్చుంది. ట్రైలర్లను ఫ్రేము ఫ్రేముగా ఆపి చూశారు. కాలంలో వెనక్కి వెళ్తారని ఊహించినవాళ్లు గెలిచారు. చీమంత అయిపోగల యాంట్‌మ్యాన్ తానోస్ ఒంట్లో దూరి లోపల పెరిగి పెద్దవుతాడని ఇంకొందరు వాదించారు. ఏ దారిన దూరతాడన్నది ఆదివారం పత్రికలో రాసే సంగతి కాదు.

కోపాలూ తక్కువేం కాదు. తానోస్ చేతి తొడుగు ఊడబెరికే క్షణంలో స్టార్ లార్డ్ ఆగలేక వాడి మొహం మీద గుద్దాడు, చేతికందినది నోటిదాకా రాలేదు. ఆ పాత్రను తిట్టని అభిమాని లేడు. మరోవైపు తానోస్ చేసింది తప్పేం కాదని వాదించే సరదా బృందం ఒకటి రెడిట్‌లో పుట్టింది. 2018 జులై 9న ఆ బృందం తన సిద్ధాంతాన్ని తన మీదే అమలుచేసుకుని సభ్యుల్లో సగం మందిని, 3 లక్షలకు పైగా జనాన్ని, బయటికి గెంటేసింది. ఎవరుంటారో ఎవరు పోతారో చూసుకోవడానికి జనం పనిగట్టుకుని వచ్చి చేరారు. తానోస్ వేషం కట్టిన జోష్ బ్రోలిన్ స్వయంగా చిటికె వేస్తూ వీడియో పెట్టాడు.

2019 ఏప్రిల్ 26న మన దేశంలో ‘ఎండ్‌గేమ్’ విడుదలైంది. 181 నిమిషాల సినిమా. మూడు గంటలు కదలకుండా కూర్చోవడం ఎలాగ, మధ్యలో బాత్రూమ్‌కి ఎప్పుడు లేవాలి అని అమెరికా పత్రికలు సలహాలు అచ్చేశాయి. మనకు నవ్వొచ్చింది. మూడు గంటల సినిమా మనకు మామూలే, పైగా ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ కూడా. 2,845 స్క్రీన్లలో తొలిరోజే 53 కోట్ల పైచిలుకు నికర వసూలు. ఓ హాలీవుడ్ సినిమాకు ఇది పెద్ద హీరో పండగ సినిమాకు వచ్చే ఓపెనింగ్. లోకమంతా కలిపి మొదటి వారాంతానికే 120 కోట్ల డాలర్లు దాటింది.

ఇప్పటికీ చూడనివాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ పుట తిప్పేయండి.

సుత్తి సంగతి చెప్పాలి. థోర్ సుత్తిని యోగ్యుడు తప్ప ఎవరూ ఎత్తలేరు. 2015లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’లో ఒక పార్టీ సీన్ ఉంది. అందరూ సరదాగా దాన్ని ఎత్తాలని చూస్తారు. కెప్టెన్ అమెరికా చెయ్యి వేసినప్పుడు అది ఒక్క పిసరు కదులుతుంది, థోర్ నవ్వు ఒక్క క్షణం ఆగుతుంది. అంతే, ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నాలుగేళ్లు గడిచాయి. ‘ఎండ్‌గేమ్’ ఆఖరి యుద్ధంలో థోర్ కింద పడి ఉండగా సుత్తి నేల మీంచి లేచింది, తానోస్‌ను కొట్టి వెనక్కి వెళ్లి కెప్టెన్ చేతిలో వాలింది. నేను చూసిన హాల్లో మా వెనక వరస కుర్రాళ్లు సీట్ల మీదికెక్కారు. తర్వాతి డైలాగు ఏమిటో వినబడలేదు. రెండోసారి వెళ్లి చూసినప్పుడూ వినబడలేదు. ఆ వెంటనే ఒక్కొక్క ద్వారమే తెరుచుకుని, చచ్చిపోయారనుకున్న వాళ్లంతా నడిచొస్తుంటే ఇక చెప్పేదేముంది. స్పైడర్‌మ్యాన్ ఊగుతూ వచ్చి వాలాడు. అంతకుముందు ఏడాది సీటు వదలనన్న పిల్లాడు గుర్తొచ్చాడు, ఎక్కడ చూశాడో.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో కూడా ఆ రోజు హాళ్లు ఇలాగే హోరెత్తాయి. ఆ హోరును ఫోన్లలో రికార్డు చేసి దాచుకున్నారు. మరుసటి ఏడాది లాక్‌డౌన్‌లో సినిమా హాళ్లు మూతపడితే జనం ఆ రికార్డింగులు వెతుక్కుని మళ్లీ విన్నారు. వాళ్లకు కావాల్సింది సినిమా కాదు, అది ఇంట్లో టీవీలో ఉండనే ఉంది. కావాల్సింది పక్క సీటువాడి అరుపు. మన సింగిల్ స్క్రీన్ల జనానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

వీరులిద్దర్ని ఒక కథలోకి తెచ్చి జనాన్ని ఊపడం మనకు నేర్పాల్సిన విద్యా కాదు. కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం పెడితే? చిలకమర్తి ‘గయోపాఖ్యానం’ నాటకం ఊరూరా ఆడింది అందుకే. ఆకాశాన పోతున్న గయుడు ఉమ్మితే అది కృష్ణుడి మీద పడింది, కృష్ణుడు చంపుతానని ప్రతిజ్ఞ చేశాడు, గయుడు వెళ్లి విషయం చెప్పకుండా అర్జునుడి శరణు జొచ్చాడు. ఇక బావ మీద బావమరిది బాణం ఎత్తక తప్పదు. 1963లో కె.వి.రెడ్డి దీన్ని ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’గా తీసినప్పుడు కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు ఏఎన్నార్. ఎవరు ఓడినా సగం హాలు ఊరుకోదు. శివుడొచ్చి ఆపాల్సిందే. ‘ఆర్ఆర్ఆర్’ వచ్చిన 2022లో కూడా మా హీరోకు ఎన్ని నిమిషాలు, మీ హీరోకు ఎన్ని అని లెక్కలు కట్టిన అభిమానులు మన మధ్యే ఉన్నారు. ‘ఎండ్‌గేమ్’ దర్శకులు రూసో అన్నదమ్ములకూ ఇదే తలనొప్పి. అందులో వాళ్లు ఒక్కొక్కరికీ ఒక్కో ఈల పంచుకుంటూ పోయారు, పెళ్లి పంక్తిలో ఎవరి విస్తరీ ఖాళీగా కనబడకుండా వడ్డించినట్టు.

ఒక విస్తరి మాత్రం మరిచారు. బ్లాక్ విడో నటాషా ఒక మణి కోసం కొండ మీంచి దూకి ప్రాణమిచ్చింది. టోనీ స్టార్క్ పోతే చెరువు గట్టున అందరూ నల్లబట్టల్లో నిలబడ్డారు, నటాషాకు దక్కింది నీటి ఒడ్డున నాలుగు మాటలు. అభిమానులు దీన్ని క్షమించలేదు. ఆమె పేరుతో సినిమా వచ్చేసరికి 2021 జులై అయింది, అప్పటికి పాత్ర చచ్చి రెండేళ్లు. ఆ కోపంలో న్యాయం ఉంది. పొట్ట పెంచుకుని దిగులుతో తాగుతూ కూర్చున్న థోర్‌ను చూసి హాలు నవ్వింది, కుంగుబాటు నవ్వులాట కాదని కొందరు నొచ్చుకున్నారు. కెప్టెన్ గతంలోకి వెళ్లి ప్రియురాలితో ముసలివాడైపోవడం మీదైతే తగవు ఇప్పటికీ తెగలేదు. అతను వెళ్లింది వేరే కాలధారలోకని దర్శకులన్నారు, ఇదే కాలంలో ముందునుంచీ ఉన్నాడని రచయితలన్నారు. తీసినవాళ్లకే పొత్తు కుదరని చోట అభిమానులకు పండగే కదా.

‘ఎండ్‌గేమ్’ వచ్చిన 2019లోనే, అక్టోబరులో, దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ ఇవి సినిమా కాదు, థీమ్ పార్కులు అనేశాడు. అభిమానులు మండిపడ్డారు. నాకైతే ఆయన మాటలో సగం నిజమే అనిపించింది. రంగులరాట్నం ఎక్కినవాడు అరుస్తాడు, దిగినాక మరిచిపోతాడు. ఇక్కడ మరిచిపోలేదు. 2021 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో అభిమానులు టోనీ స్టార్క్‌ను బతికించమని హోర్డింగ్ పెట్టించారు. ఇటలీలోని ఫోర్తే దెయ్ మార్మిలో ఐరన్ మ్యాన్ విగ్రహం నిలబెట్టారు. హీరోకు విగ్రహం పెట్టడం మనకు వింత కాదనుకోండి, పాలాభిషేకం ఒక్కటే తక్కువ.

‘ఎండ్‌గేమ్’ తర్వాత జనం పలచబడ్డారు. 2023 నవంబరులో వచ్చిన ‘ది మార్వెల్స్’ ప్రపంచమంతా కలిపి 20 కోట్ల డాలర్ల చిల్లరతో ఆగి, ఆ వరసలోనే అతి తక్కువ వసూలు చేసిన సినిమా అయింది. సూపర్‌హీరోలంటే మొహం మొత్తిందన్నారు విశ్లేషకులు. మొహం మొత్తితే 2021లో ముగ్గురు స్పైడర్‌మ్యాన్లు ఒకే తెర మీదికి రాగానే, 2024లో డెడ్‌పూల్ పక్కన వోల్వరిన్ నిలబడగానే హాళ్లు ఎందుకు నిండుతాయి? ఆ రెండింటి వెనకా ఇరవయ్యేళ్ల జ్ఞాపకం ఉంది. జనం ఈల వేసేది వాళ్లు దాచుకున్నదానికి. కొత్త హీరోను తెచ్చి ఇతనూ మీవాడే అంటే, మా వాడెప్పుడయ్యాడు అని అడుగుతారు.

కంపెనీకి ఈ సంగతి అర్థమైనట్టే ఉంది. 2024 జులైలో శాన్ డియెగో కామిక్ కాన్ వేదిక మీద ముసుగు తీసి నిలబడింది రాబర్ట్ డౌనీ జూనియర్. ఐరన్ మ్యాన్‌గా చచ్చిన నటుడే ఇప్పుడు విలన్ డాక్టర్ డూమ్. ఆ హాలు అదిరిపోయింది. బయటున్నవాళ్లలో సగం మంది మాత్రం, ఏడిపించి సాగనంపినవాణ్ణే మళ్లీ తెస్తే మా ఏడుపుకు విలువేముందని అడిగారు. నేను ఆ రెండో సగంలో ఉన్నాను. టికెట్ మాత్రం కొంటాను.

ఈ వరస సినిమాల్లో పేర్లయ్యాక ఒక చిన్న సీన్ ఉంటుంది, అందుకే ఎవరూ లేవరు. ‘ఎండ్‌గేమ్’కూ అందరం అలాగే కూర్చున్నాం. మొదటి ఆరుగురు నటుల సంతకాలు తెర మీద పడుతుంటే ఒక్కోదానికీ చప్పట్లు, డౌనీ సంతకం ఆఖర్న. తర్వాత పొడుగ్గా పేర్లు. చిట్టచివర తెర నల్లబడి, బొమ్మ లేకుండా చప్పుడొక్కటే వినిపించింది: ఇనుము మీద సమ్మెట. మొదటి సినిమాలో గుహలో కూర్చుని టోనీ తన కవచాన్ని కొట్టుకున్న చప్పుడు. అప్పటికే కొందరు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లం ఏమీ మాట్లాడుకోకుండా లేచాం.

‘అవెంజర్స్: డూమ్స్‌డే’కు 2026 డిసెంబరు 18 అని తేదీ ప్రకటించారు, దర్శకులు మళ్లీ రూసో అన్నదమ్ములే. వెళ్లేవాళ్లు చీపురు పట్టుకున్న ఆవిడ వచ్చి నిలబడినా ఆఖరి దాకా కూర్చోండి. చూసొచ్చాక మాత్రం దయచేసి వాట్సాప్ స్టేటస్‌లో కథ పెట్టకండి.