బీచ్‌లో షూటింగ్ పెడితే ఎవరికి లాభం? ఎవరి బేరం పోతుంది?

మాది వికారాబాద్ జిల్లా మర్పల్లి అని మీకు తెలుసు కదా. సముద్రం చూడాలంటే మాకు రాత్రంతా రైలు ప్రయాణం. అందుకే విశాఖ వెళ్తే కెమెరా తీయకుండా ఉండలేను.

పోయినసారి భీమిలి బీచ్‌లో ట్రైపాడ్ పెట్టాను. ఫ్రేమ్‌లోకి ఎవరూ రావొద్దని మా ఫ్రెండ్‌ను అడ్డంగా నిలబెట్టి గంటసేపు షూట్ చేశాను. అయిపోయాక ముంత మసాలా బండి అక్క దగ్గరికొచ్చి అడిగింది: “అయిపోయిందేటి బాబూ? సాయంత్రం రెండు మూడు గంటలే నాకు బేరం. ఈ గంట మళ్లీ రాదు కదా.” నా దగ్గర జవాబు లేదు. ఈ ఎపిసోడ్ ఆ మాట మీదే.

భీమిలికి కెమెరా కొత్తేం కాదు. 1978లో బాలచందర్ గారు కమల్ హాసన్, సరితలతో తీసిన ‘మరో చరిత్ర’ విశాఖ, భీమిలి తీరాల్లోనే తీశారు. ఆ తర్వాత ఆ తీరంలో ఎన్నో సినిమాలు, సీరియళ్లు, ఇప్పుడు వెబ్ సిరీస్‌లు, ప్రీ వెడ్డింగ్ షూట్లు. షూటింగ్ అంటే ఊరంతా పండగే అని మనం అనుకుంటాం. వ్యాపారం చేసేవాళ్లను అడగండి, రెండు రకాల జవాబులు వస్తాయి. సినిమా అంటే ఇష్టం ఉందా లేదా అన్నది కాదు తేడా. వాళ్లు రోజు లెక్కన అమ్ముతారా, గంట లెక్కన అమ్ముతారా అన్నదే తేడా.

లాడ్జి ఓనర్ గది రోజు లెక్కన ఇస్తాడు. కారు, జనరేటర్, లొకేషన్‌కి ఇల్లు అద్దెకిచ్చేవాళ్లదీ అదే లెక్క. యూనిట్ వారం ఉంటే వాళ్లకు మస్తు ఖుషీ. బజ్జీలు, మొక్కజొన్న, ముంత మసాలా అమ్మేవాళ్లది వేరే లెక్క. వాళ్ల సంపాదనంతా సాయంత్రం ఆ కొద్దిసేపట్లోనే. డైరెక్టర్‌కు మంచి వెలుతురు కావాల్సింది కూడా సరిగ్గా అప్పుడే! ఇద్దరికీ కావాల్సింది ఒకటే టైమ్, ఒకటే చోటు.

మరి యూనిట్‌లో అంతమంది ఉంటారు కదా, వాళ్లు కొనరా అంటారేమో. పెద్ద యూనిట్‌కు టిఫిన్, భోజనం, టీ అన్నీ ప్రొడక్షన్ వాళ్లే పెడతారు. వ్యాన్లు పార్కింగ్ ఆక్రమిస్తాయి, తాడు కడితే కస్టమర్లు అటునుంచి అటే పోతారు. లైవ్ సౌండ్ అయితే ‘సైలెన్స్’ అంటారు, అరిచి అమ్ముకునే మనిషి నోరు మూసుకోవాలి. పర్మిషన్ ఫీజు పోయేది ఆఫీసుకు, బండి అక్కకు కాదు.

చట్టం లేదా? ఉంది. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం సర్టిఫికెట్ ఉన్నవాళ్లను ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కానీ ‘రెండు గంటలు పక్కకు జరుగమ్మా’ అనడానికి ఎవరు నోటీసు ఇస్తారు చెప్పండి?

ఇక ‘షూటింగ్ వల్ల ఊరికి పేరొస్తుంది, టూరిస్టులు వస్తారు’ అనే వాదన. నిజమే, వస్తారు. ఇంగ్లండ్‌లో పోర్ట్ ఐజాక్ అని చిన్న జాలరి ఊరుంది. 2004 నుంచి 2022 దాకా ‘డాక్ మార్టిన్’ అనే టీవీ సీరియల్ అక్కడే తీశారు. ఆ డాక్టర్ ఇంటి ముందు ఫొటో దిగడానికి జనం ఇప్పటికీ వస్తారు. షాపులకు బేరం పెరిగింది, ఇరుకు సందుల్లో ఉండేవాళ్లకు రద్దీ మిగిలింది. థాయ్‌లాండ్‌లో మాయా బే సంగతి ఇంకా ఘోరం. 2000లో వచ్చిన ‘ద బీచ్’ సినిమాతో జనం ఎగబడ్డారు, పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. 2018లో మూసేసి, మళ్లీ 2022లో గానీ తెరవలేదు. పేరొచ్చాక లాభపడేది ఒకరు, షూటింగ్ రోజు నష్టపోయేది ఇంకొకరు. ఈ ఇద్దరినీ కలిపి ‘ఊరికి లాభం’ అనేస్తే లెక్క తప్పుతుంది.

పరిష్కారం పెద్ద రాకెట్ సైన్స్ కాదు. ఒకటి, ఏ రోజు, ఎన్ని గంటలు అన్నది ముందే చుట్టుపక్కల బండ్ల వాళ్లకు చెప్పాలి. రెండు, జరగమంటే ఆ పూట బేరం ఎంతో అడిగి అంత ఇవ్వాలి. సినిమా బడ్జెట్‌లో అదెంత? మూడు, కనీసం సాయంత్రం టీ, స్నాక్స్ అయినా అక్కడే కొనాలి.

ఇది పెద్ద యూనిట్లకే చెప్తున్నా అనుకోకండి. ఆదివారం మన అనంతగిరి కొండల మీద రీల్స్ తీసేది మనమే కదా! మొక్కజొన్న బండికి అడ్డంగా నిలబడి ‘అన్నా, జర పక్కకు’ అనేది కూడా మనమే.

ఆ రోజు భీమిలిలో అక్క దగ్గర రెండు ముంతలు కొన్నాను. అది గంట బేరానికి సరిపోదు, నాకు తెలుసు. ఇప్పుడు ట్రైపాడ్ పెట్టే ముందు పక్కనున్న వాళ్లను అడుగుతున్నా. కొందరు ‘తీసుకో తమ్మీ’ అంటారు, కొందరు ‘వద్దు’ అంటారు. వద్దంటే వేరే ఫ్రేమ్ చూసుకుంటా, గంతే.

మీ ఊర్లో షూటింగ్ జరిగితే ఎవరికి బేరం పెరిగింది, ఎవరికి తగ్గింది? కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.