అందరిలో ఉంటే అపాయం లేనట్టేనా?

అమెరికాలో 40 ఏళ్లు వచ్చేసరికి సగం మందికి పైగా సైటోమెగలో వైరస్ సోకి ఉంటుంది. మన దేశంలో గర్భిణుల రక్తం పరీక్షిస్తే 90 శాతానికి పైగా దాని ఆనవాళ్లు కనిపిస్తాయి. ఈ తేడా చాలావరకు బతుకు తీరుది. ఉమ్మి, మూత్రం, తల్లిపాల ద్వారా పాకే ఈ వైరస్ ఇరుకిళ్లలో పసితనంలోనే అంటుకుంటుంది (అలాగని పాలు మాన్పించాల్సిన పనిలేదు), ఆపై జీవితాంతం ఒంట్లోనే ఉండిపోతుంది. తల్లికి ముందే సోకితే బిడ్డకు భయమేమిటని అడగొచ్చు. గర్భంతో ఉండగా తొలిసారి సోకితేనే ముప్పు ఎక్కువన్నది నిజమే. కానీ అణిగి ఉన్న వైరస్ మళ్లీ లేవొచ్చు, మరో రకం కొత్తగా సోకొచ్చు. అందుకే అమెరికాలో 200 మంది శిశువుల్లో ఒకరు ఈ వైరస్‌తో పుడుతుంటే, దాదాపు అందరికీ సోకిన సమాజాల్లో ఆ లెక్క తగ్గకపోగా పెరుగుతుంది. ఇలా వైరస్‌తో పుట్టిన శిశువుల్లో కొందరికి వినికిడి పోతుంది. పుట్టిన 21 రోజుల్లోపు ఉమ్మినో మూత్రాన్నో పరీక్షిస్తేనే వైరస్ పుట్టుకతో వచ్చిందని గట్టిగా చెప్పగలరు.