కొత్త చర్మం, పాత పందెం

ఎంత చెప్పినా చెవినబెట్టనివానిని 'తోలుమందం మనిషి' అనడం మన వాడుక. ఆ తోలు నిజానికి ఎంత పలుచనిదో తెలియవలెనంటే, కాలిన గాయానికి చర్మం అతికే వైద్యుని అడుగవలె. తొడనుండి అతడు చెక్కి తీసే పొర సాధారణంగా అర మిల్లీమీటరైనా ఉండదు. గాయంమీద పరచిన ఆ పొరకు తొలి రెండుమూడు దినాలు సొంత రక్తప్రసారం లేదు. గాయంలో ఊరే ద్రవమే దానికి ఆహారం. మడిలో నాటిన నారువంటిదే అది. వేళ్లూనకముందు కదిపితే దక్కదు. ఊనిన తర్వాతనైనా వెనుకటి చర్మం కాదు: చెమట సరిగా పట్టదు, ఎండకు ఓర్వదు, నెలల తరబడి ముడుచుకొనిపోతూ ఉంటుంది. ఆటగానికి ఇవన్నీ చిక్కులే గదా!

అటువంటి చర్మంతో మళ్లీ ఆటకు వచ్చినవాడు ఆస్ట్రియా దేశీయుడు నికీ లౌడా. 1975లో అతడు ఫార్ములా వన్ కారుపందేల ప్రపంచవిజేత. 1976 ఆగస్టు 1న జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌లో అతని కారు గట్టుకు కొట్టుకొని భగ్గున మండినది. తోటి పోటీదారులు తమ కార్లు ఆపి, మంటల్లో చొరబడి అతనిని బయటికి లాగినారు. కుడిచెవి చాలభాగం పోయినది. కనుబొమలు, రెప్పలు కాలినవి. విషవాయువులు ఊపిరితిత్తులకు చేరినవి. ఆసుపత్రిలో మతగురువు అంత్యకాల ప్రార్థనకూడ జరిపినాడు. ముఖానికి చర్మం అతికినారు. 42 దినాలు గడిచినవో లేదో, సెప్టెంబరు 12న ఇటలీలోని మోంజాలో అతడు మళ్లీ కారెక్కి నాలుగవవాడుగా గమ్యం చేరినాడు. శిరస్త్రాణం క్రింది కట్లు నెత్తుటితో తడిసి ఉన్నవి.

లోకం వేనోళ్ల పొగడినది ఈ మోంజా సాహసాన్నే. నా మనస్సు మాత్రం అక్టోబరు 24న జపానులో జరిగిన ఫూజీ పందెంవద్దనే ఆగుతుంది. అప్పటికి ప్రత్యర్థి జేమ్స్ హంట్‌కంటె లౌడా మూడు పాయింట్లు ముందున్నాడు. కుండపోత వాన. కాలిన రెప్పలు సరిగా వాలవు, కండ్లనీరు ఆగదు. రెండు చుట్లు తిరిగి కారు నిలిపివేసినాడు. ఇంజను చెడినదని చెబుదామని జట్టువారు సూచిస్తే ఒప్పుకొనలేదు. ఆ వానలో నడపడం తనకు సమ్మతం కాదనే చెప్పినాడు. హంట్ మూడవవాడుగా వచ్చి, ఒక్క పాయింటు ఆధిక్యంతో ఆ ఏటి కిరీటం దక్కించుకొన్నాడు. లౌడాను పిరికివాడన్నవారూ లేకపోలేదు. నెత్తురోడుతూ కారెక్కడం కష్టమా, గెలుపు చేతికందే దూరంలో ఉండగా దిగిరావడం కష్టమా? నన్నడిగితే రెండవదే.

అందంకొరకు శస్త్రచికిత్సలు వలదనుకొన్నాడు. రెప్పలు పనిచేస్తే చాలునన్నాడు. 1977లోను, మరల 1984లో అర పాయింటు తేడాతోను ప్రపంచవిజేత అయినాడు. తలమీది మచ్చలను కప్పే ఎర్రటోపీని మాత్రం 2019లో కన్నుమూసేదాకా విడువలేదు. ఆ టోపీమీద వ్యాపార ప్రకటనలకు చోటిచ్చి సొమ్ముకూడ చేసుకొన్నాడు!