అడవి యంచున బొమ్మల చదువు

భద్రాచలమనగనే మనకు శ్రీరామనవమియు, ముత్యాల తలంబ్రాలును, గోదావరీ స్నానమును స్ఫురించును. ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచ దాటి బండి సాగుచుండగా, స్వామి దర్శనము వేళకగునో కాదో యను తొందరలో, దారికి దూరముగా చెట్లనడుమ నున్న గూడెములను మనము చూచియు చూడము. అచ్చటను తల్లులున్నారు, పిల్లలున్నారు, బడులున్నవి. ఆ బడులలో బొమ్మకు గల పని యెట్టిదో, బొమ్మలు నేర్పు గురువు లేకున్న కలుగు నష్టమెట్టిదో సోదరీమణులకు విన్నవింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ గూడెములలో పెక్కింట నివసించువారు కోయలు. వారి భాష తెలుగునకు చుట్టము. గోండీకి మఱింత దగ్గఱ. ఈ చుట్టఱికమే యొక్కొక్కప్పుడు చిక్కు తెచ్చును. కోయభాషలో ఏరు అనగా నీళ్లు, లోను అనగా ఇల్లు. ఐదేండ్ల కోయబిడ్డ క్రొత్తగా బడికి వచ్చినది. పంతులుగారు "ఏరు పొంగినది" అని చదివిరి. పొయ్యిమీది కుండలో నీళ్లు పొంగినవని ఆ బిడ్డ తలచినచో తప్పెవరిది? బిడ్డ దిక్కులు చూచును. పెద్దలు మందబుద్ధి యని పేరు పెట్టుదురు. ఆ వాక్యము ప్రక్కను ఒడ్డు లొరసి పాఱు వాగు బొమ్మ యొక్కటి యున్నచో బిడ్డ తనంతట తానే అర్థము కూర్చుకొని, తెలుగులో ఏరనగా ఇదియా యని నవ్వును గదా!

ఈ కష్టము నెవరును గుర్తింపలేదని కాదు. 2004 ప్రాంతమున, రాష్ట్రము విడిపోకమునుపు, ఆంధ్రప్రదేశమున కోయ, గోండీ, కొలామీ, సవర మొదలగు ఎనిమిది భాషలలో చిన్న తరగతులకు వాచకములు తయారైనవి. కోయమాటలను తెలుగు లిపిలోనే అచ్చువేసిరి. బిడ్డ తల్లిభాషలో మొదలిడి మెల్లగా తెలుగునకు రావలెనని ఉద్దేశము. మంచి ప్రయత్నమే. కాని మాట మార్చినంతనే పని తీఱదు. బొమ్మయు ఆ యూరిదే కావలెను. ఇప్పపూల నేఱుకొను అవ్వ, తునికియాకు కట్టలు కట్టు అమ్మ, వెదురు తడిక, సొరకాయబుఱ్ఱ కానవచ్చిన పుటను బిడ్డ విడువదు. ఎన్నడును చూడని పట్టణపు మేడ బొమ్మ వేసి 'ఇల్లు' అని క్రింద వ్రాసిన, బిడ్డ కది యిల్లనియే తోచదు.

ఇందులకు వంగదేశమున నొక మేలుబంతి గలదు. 1930లో రవీంద్రనాథ ఠాకూరుగారు పిల్లలకై 'సహజ పాఠ్' అను వాచకము వ్రాసినప్పుడు, శాంతినికేతనమున చిత్రకళ నేర్పుచుండిన నందలాల్ బోసుగారు దానికి నలుపు తెలుపులలో బొమ్మలు చెక్కి యిచ్చిరి. అంతటి కళాచార్యుడు పసిపిల్లల పుస్తకమునకు పనిచేయుట తక్కువతనమని తలపలేదు. ఆ నందలాలుగారి శిష్యుడొకడు మన ఖమ్మమునకు ఇరుగుపొరుగువాడే. కొండపల్లి శేషగిరిరావుగారు 1924లో, నేడు మహబూబాబాదు జిల్లాలో నున్న పెనుగొండ గ్రామమున పుట్టి, శాంతినికేతనమున నేర్చి, హైదరాబాదు లలితకళాశాలలో పెక్కేండ్లు విద్యార్థులకు చిత్రలేఖనము చెప్పిరి. మనమెఱిగిన తెలుగుతల్లి రూపము వారి కుంచెనుండి వచ్చినదే. 2012లో వారు గతించిరి. ఇట్టి గురుపరంపర మన చేరువనే యుండగా, మన బడులలో బొమ్మల గంట వచ్చినప్పుడు లెక్కల పంతులుగారు "ఈ గంట నాకిండు" అని తీసికొనుట యెంత వింత! పిల్లల తల్లులమైన మనమును దానికి సంతోషింతుము.

అడవిలో మాత్రము బొమ్మలతో కథ చెప్పుట క్రొత్త గాదు. కోయలలో డోలీలు అను కథకులు గలరు. వేల్పుల పండుగలందు, మరణ కర్మలందు, డోలు వాయించుచు ఇంటిపేర్ల పుట్టుకను, వీరుల చరిత్రను గానము చేయుట వారి వృత్తి. వారి వేల్పుల కొలుపులలో పడిగె యను మూడు మూలల గుడ్డ యుండును. దానిపై కథలోని మనుష్యుల రూపములు, మృగముల రూపములు తీర్చి యుండును. మనము పుస్తకము తిరుగవేసినట్లే వారు పడిగెను చూపి కథ చెప్పుదురు.

మణుగూరు మండలములోని కూనవరము వాసి సకిని రామచంద్రయ్యగారు ఇట్టి డోలు కళాకారులు. (శబరీ సంగమమునొద్ద నున్న కూనవరము వేఱు.) మేడారపు సమ్మక్క సారలమ్మల కథను కోయలోను తెలుగులోను పాడెడివారు. 2022లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించినది. 2024 జూన్ మాసమున వారు కన్నుమూసిరి. గద్దెలమీది దేవతలనుగా మనమెఱిగిన తల్లీకూతుళ్ల కథ, కోయబిడ్డకు తన యింటి ముత్తవ్వ కథ. అది బొమ్మలతో, కోయమాటలతో బిడ్డ చేతికి రావలసిన తొందర యెంతటిదో ఆ వార్త విన్ననాడు నాకు బోధపడినది. గానము చేయు పెద్దలు బ్రదికి యుండగనే, వారి చెంత కూర్చుండి బొమ్మలు గీయగల గురువు కావలెను.

యంత్రముల సహాయమున దూరవిద్య వచ్చినది గదా, ఇంక గురు వెందులకని కొందఱందురు. 2020లో మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు తెలంగాణమున సెప్టెంబరు 1వ తేదినుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా 3వ తరగతి మొదలు పాఠములు చెప్పిరి. ఆ కష్టకాలమున అది గొప్ప యుపకారమే; కాదనను. కాని టెలివిజను లేని యింట, ఫోను సంకేతమందని గుట్టచాటు గూడెమున పాఠ మేమి వినిపించును? వినిపించినను, తెరలోని పంతులమ్మ ఏనుగును గీసి చూపగలదు గాని, బిడ్డ గీసిన యేనుగును చూడలేదు. "తొండ మిటు వంచు తల్లీ" అని చేయి పట్టి దిద్దలేదు. లెక్క తప్పినచో పుస్తకము వెనుక జవాబు చూచి దిద్దుకొనవచ్చును. బొమ్మకు జవాబు వెనుక నుండదు. 2015 నుండి స్టోరీవీవర్ అను తెరమీది గ్రంథాలయమున తెలుగు బొమ్మల కథలు ఉచితముగా దొరకుచున్నవి. ఒక ఫోనుగల యుపాధ్యాయిని వానిని చూపి, ఆపి, ప్రశ్నించి, పిదప "మీ యింటి కథ గీయుము" అనినచో ఆ తెర సార్థకము.

మన యింటనైనను ఇట్టి పుస్తకము చేయవచ్చును. తెల్లకాగితములు నాలుగు నడిమికి మడిచి, మడతవెంట దారముతో కుట్టినచో పదునాఱు పుటలగును. పిల్లల నాయనమ్మ చెప్పు కథనో, అమ్మమ్మ చెప్పు కథనో పుట కొక వాక్యముగా మీరు వ్రాసి, బొమ్మకు చోటు విడువుడు. మాటలు ఆమె పలికిన యాసలోనే యుండనిండు; దిద్దవలదు. నలుపునకు బొగ్గు, ఎఱుపునకు జాజు, పసుపుపచ్చకు పసుపు చాలును. పసుపున సున్నము కలిపిన పారాణి యెఱుపు వచ్చును. తుమ్మజిగురు రాత్రి నీట నానవైచి, ఉదయమున వడగట్టి రంగులలో కలిపినచో అవి కాగితమును పట్టుకొనును. బిడ్డ గుఱ్ఱమునకు అయిదు కాళ్లు వేసినను పుస్తకము లాగికొనకుడు. పసుపురంగు ఎండకు వెలియును గనుక, ఆఱిన వెనుక పుస్తకమును నీడపట్టున నుంచవలెను.