చచ్చిన జెల్లీఫిష్ కూడా కుడతది

కార్తీక పున్నమికి మా ఊరి నుంచి రెండు ట్రాక్టర్లలో సముద్ర స్నానానికి పొయ్యాం. ఒడ్డున ఇసకలో ముంజకాయ లాగా తేటగా ఒకటి పడుంది. చచ్చిందే కదా అని మా మేనల్లుడు చేత్తో ఎత్తాడు. వాడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఒకాయన ఇసకేసి రుద్దమన్నాడు. ఇంకొకాయన బాటిల్ నీళ్లు పోశాడు. మూడో ఆయన ఉచ్చ పొయ్యమన్నాడు. మంట పెరిగిందే గానీ తగ్గలా. ఒడ్డు మొత్తం మీద ఒక్క హెచ్చరిక బోర్డు లేదు.

ఏందీ జీవి అని తర్వాత కూర్చుని చదివా.

మనకి మంట కొత్త కాదు, కాయలు కోసిన చెయ్యి కంట్లో పెట్టుకున్నోళ్లమే. కానీ మిరప మంట ఒక మోసం. కారంలోని క్యాప్సైసిన్ నరానికి 'కాలుతోంది' అని అబద్ధం చెబుద్ది, నిజంగా తోలు కాలదు. జెల్లీఫిష్‌ది అబద్ధం కాదు, ఇంజెక్షనే. దాని తీగల నిండా కంటికి కనపడని సంచులు వేలల్లో ఉంటాయి. ఒక్కోదాన్లో చుట్ట చుట్టిన గొట్టం, విషం. ఏదన్నా తగిలితే ముల్లు దిగుద్ది. దీని చుట్టం హైడ్రాలో ఆ వేగాన్ని జర్మనీ శాస్త్రవేత్తలు 2006లో కొలిచారు: సెకనులో పది లక్షల వంతు కూడా పట్టలా!

ఆ సంచి పేలటానికి మెదడు ఆర్డరెయ్యక్కర్లా. అసలు జెల్లీఫిష్‌కి మెదడే లేదు. గుండె లేదు, రక్తం లేదు, ఒంట్లో నూటికి 95 పాళ్లు నీళ్లే. అందుకే అది చచ్చినా సంచులు పనిచేస్తానే ఉంటాయి, తెగిన పాము తల కరిచినట్టు. రుద్దితే పేలనియ్యి కూడా పేలతాయి. మంచినీళ్లు పోసినా అంతే. ఆరోజు మేం చేసిన వైద్యమంతా తుపాకీ మీట నొక్కటమే.

ఇంకో వింత. టరిటాప్సిస్ డోర్నీ అనే చిన్న జాతి దెబ్బ తగిలితే మళ్లీ పసిదశకి పోద్ది. రెక్కలొచ్చిన పురుగు మళ్లీ గులాబీ పురుగైనట్టు. మన పత్తి చేలో పురుగుకి ఆ విద్య రాలేదు, బతికిపొయ్యాం.

అన్నీ చంపేవి కాదు. చాలావాటితో మంట, దద్దుర్లే. బాక్స్ జెల్లీలు వేరు, వాటికి 24 కళ్లు. ఆస్ట్రేలియాలో ఉండే పెద్ద రకం నిమిషాల్లో ప్రాణం తీయగలదు. మన బంగాళాఖాతంలోనూ బాక్స్ జెల్లీ జాతులున్నాయి.

కుడితే రుద్దమాకండి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న తీగల్ని గుడ్డ అడ్డం పెట్టుకుని తియ్యండి. తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, 20 నిమిషాలకి తగ్గకుండా ఉంచండి. బాక్స్ జెల్లీకైతే ముందు వెనిగర్ పొయ్యాలి. నీలం బుడగలా తేలే ఫిజాలియాకి మాత్రం వెనిగర్ వద్దంటారు ఆస్ట్రేలియా వాళ్లు. ఊపిరాడకపోయినా, ఛాతీ పట్టేసినా ఆలోచించమాక, 108కి కొట్టు.

మనం ఏడాదికోసారి పోయేవాళ్లం. సూర్యలంక, వాడరేవు మత్స్యకారులకి సముద్రమే బతుకు. వలలో చేపలతో వచ్చిన జెల్లీలని వట్టి చేతుల్తో ఏరేయాల్సింది వాళ్లే. మాస్కు లేకుండా పురుగుమందు కొట్టే మన కూలోళ్లకీ వాళ్లకీ తేడా ఏముంది? ఒక జత గ్లౌజులు, రేవు కాడ వేడినీళ్లు, తెలుగులో ఒక బోర్డు. అడిగితే పెద్ద ఖర్చా ఇది?

ఈసారి మా ట్రాక్టర్లో వేడినీళ్ల ఫ్లాస్కు ఎక్కిద్ది. నూడుల్స్ బండి కాడ ఉండే వెనిగర్ సీసా ఒకటి మేనల్లుడే కొని తెచ్చి పెట్టాడు.