పెనుకొండ చెంత కార్ల కర్మాగారము



లేపాక్షికి ఉత్తరమున, పెనుకొండ చేరువ ఎఱ్ఱమంచియొద్ద వెలసిన కర్మాగారమును మీలో పలువురు బస్సులోనుండి చూచియే యుందురు. 1565లో తళ్ళికోట యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండకు, కొరియా దేశపు కియా కంపెనీవలన మరల పేరు వచ్చినది. 2017లో రాష్ట్ర ప్రభుత్వముతో ఒడంబడిక జరిగినది. 2019లో కార్లు వెలువడసాగినవి. సుమారు 536 ఎకరముల నేల. ఏటికి 3 లక్షల కార్లు చేయగల యేర్పాటు.

అచ్చట ఉక్కురేకును అచ్చులలో నొత్తి తలుపులు, కప్పులు చేయుదురు. యంత్రహస్తములు నిప్పురవ్వలు చిమ్ముచు వానిని అతుకును. రంగు వేసిన పిమ్మట, కదలుచు సాగు వరుసలో ఇంజను, చక్రములు, సీట్లు చేర్తురు. అయితే సీట్లు, దీపములు మొదలగునవి వేఱు కంపెనీలు చేసి, కావలసిన వేళకు కావలసినన్ని మాత్రమే అందించును. నిలువయున్న సరకు నిలిచిపోయిన రొక్కమే గదా! అందుచేతనే పెద్ద కర్మాగారము చుట్టు చిన్నవి చేరును. తేరు చుట్టు అంగళ్లు వెలసినట్లు.

ఇక నీటి మాట. మన సీమలో వర్షము సగటున ఏటికి సుమారు 22 అంగుళములే. కర్మాగారమునకు నీరు గొల్లపల్లి జలాశయమునుండి వచ్చును. దానిని నింపునది హంద్రీ-నీవా కాలువ; అనగా శ్రీశైలమునుండి మెట్టుమెట్టుగా నెత్తిపోసిన కృష్ణానీరు. దానిపై రైతునకును ఆశ కలదు. తూము పంపకములను తీర్చిన మీకు ఈ చిక్కును విప్పి చెప్పనక్కఱలేదు.

హాలండు దేశమున ఐండ్‌హోవెన్ అను పట్టణము కలదు. దాని చుట్టుపట్ల నేల ఇసుకపఱ్ఱ, పంట అంతంతమాత్రము. 1891లో ఫిలిప్సు వారు అచ్చట విద్యుద్దీపముల కర్మాగారము స్థాపించిరి. తరువాత డాఫ్ అను లారీల కంపెనీ వచ్చినది. ఊరంతయు ఈ రెంటినే నమ్ముకొనియుండగా, 1990 తరువాత ఫిలిప్సు వేలకొలది పనివారిని తగ్గించినది. 1993లో డాఫ్ దివాలా తీసినది. వేరుసెనగ యొక్కదానినే నమ్మి చెడిన మనకు ఆ బాధ తెలియును. కాని అచ్చట చేతిపనియు, 1956లో నెలకొల్పిన సాంకేతిక విశ్వవిద్యాలయమును నిలిచినవి. 1984లో ఫిలిప్సు భాగస్వామ్యముతో పుట్టిన ఏ.ఎస్.ఎం.ఎల్. అను కంపెనీ, కంప్యూటరు చిప్పులపై సూక్ష్మరేఖలను వెలుగుతో ముద్రించు యంత్రములను చేయుచు, నేడు లోకమునకెల్ల అవసరమైనది.

కాబట్టి మన పిల్లవాడు పెనుకొండకు పనికి పోయినపుడు జీతమెంతయని మాత్రమే అడుగకుడు. కంపెనీయే నేరుగా చేర్చుకొన్నదా, కాంట్రాక్టరు పంపినాడా? పెట్టెలు మోయుచున్నాడా, అచ్చు చెడినచో బాగుచేయుట నేర్చుచున్నాడా? ఆ కార్ల వరుస నిలిచిపోయిననాడు వాని చేత మిగులునది ఆ నేర్పే.