పవర్ స్టీరింగ్‌లో గాలి: పంపు మార్చే ముందు ఇది చూడండి

స్టీరింగ్ తిప్పుతుంటే బానెట్ కింద నుంచి మూలుగులాంటి శబ్దం వస్తోందా? చాలామంది అది వినగానే పంపు పోయిందనుకుని కొత్తది వేయించేస్తారు. వేలల్లో ఖర్చు. తీరా చూస్తే చాలాసార్లు పంపు బాగానే ఉంటుంది, లోపల గాలి చేరి ఉంటుంది. ఆ గాలిని ఎలా తీయాలో, తీసినా మళ్లీ ఎందుకు చేరుతుందో ఇవాళ చూద్దాం.

ముందే చెప్తున్నా, ఇది ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగ్ గురించి. పాత ఇన్నోవా, బొలెరో లాంటి బండ్లలో ఉండేది అదే. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువగా ఎలక్ట్రిక్ స్టీరింగ్ వస్తోంది. మోటార్ మాత్రమే ఉన్నవాటిలో ఆయిలూ ఉండదు, గాలి సమస్యా ఉండదు.

గాలి ఉంటే ఏమవుతుంది? సూది లేని సిరంజిలో నీళ్లు నింపి, మూతిని వేలితో మూసి నొక్కండి, కదలదు. గాలి నింపి నొక్కండి, లోపలికి పోతుంది. స్టీరింగ్‌లోనూ అంతే. పంపు ఇచ్చే ఒత్తిడి చక్రాలను తిప్పాల్సింది పోయి గాలిని నొక్కడానికి ఖర్చవుతుంది. అందుకే స్టీరింగ్ పట్టి పట్టి తిరుగుతుంది. పైగా పంపు లోపలి భాగాలు అరగకుండా కాపాడేది కూడా ఈ ఆయిలే. ఆయిల్ బదులు నురగ తిరిగితే, బాగున్న పంపు నిజంగానే పోతుంది.

గుర్తుపట్టడం తేలికే. డబ్బాలో ఆయిల్ చిలికిన మజ్జిగలా నురగ కట్టి ఉంటుంది. ఇంజిన్ ఆపగానే మట్టం పైకి పొంగినా గాలి ఉన్నట్టే.

ఇక పని మొదలుపెడదాం. ఇంజిన్ చల్లారనివ్వండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు చక్రాలు రెండూ నేలకు తగలకుండా లేపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, కింద స్టాండ్లు తప్పకుండా పెట్టండి.

డబ్బాలో ఆయిల్ గీత దాకా పోయండి. మూత మీదా, మాన్యువల్‌లోనూ ఏది రాసి ఉంటే అదే పోయాలి. కొన్ని బండ్లకు ఏటీఎఫ్, కొన్నింటికి ప్రత్యేకమైన ఆయిల్. బ్రేక్ ఆయిల్ మాత్రం ఎప్పుడూ వద్దు, లోపలి రబ్బరు సీళ్లు పాడైపోతాయి.

ఇప్పుడు అసలు కిటుకు. ఇంజిన్ స్టార్ట్ చేయకండి! తాళం తిప్పి స్టీరింగ్ లాక్ మాత్రం వదిలించండి. మూత తీసి ఉంచి, స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా 15, 20 సార్లు తిప్పండి. డబ్బా దగ్గర ఇంకొకరు నిలబడి, బుడగలు వస్తున్నాయేమో చూస్తూ, మట్టం తగ్గితే పోస్తూ ఉండాలి. మధ్యలో డబ్బా ఖాళీ అయిందంటే మళ్లీ గాలి మింగుతుంది, పని మొదటికొస్తుంది.

ఇంజిన్ ఎందుకు వద్దంటున్నానంటే, పంపు తిరిగితే పెద్ద బుడగలను చిలికి సన్నటి నురగ చేసేస్తుంది. పెద్ద బుడగ త్వరగా పైకి తేలిపోతుంది, నురగ మాత్రం ఆయిల్‌ని వదలదు.

బుడగలు ఆగాక ఇంజిన్ స్టార్ట్ చేయండి. యాక్సిలరేటర్ తొక్కకుండా మళ్లీ అటూ ఇటూ తిప్పండి. చివరికంటా తిప్పి 5 సెకన్లకు మించి పట్టుకోవద్దు, అక్కడ ఒత్తిడి బాగా పెరిగి ఆయిల్ కాలిపోతుంది. నురగ కనిపిస్తే ఇంజిన్ ఆపి, అరగంట ఆగి మళ్లీ చేయండి. ఆయిల్ తేటగా ఉండి, శబ్దం పోతే అయినట్టే.

వారం తిరక్కుండానే గాలి మళ్లీ చేరిందా? డబ్బా నుంచి పంపుకి వెళ్లే లావుపాటి పైపు చూడండి. పంపు ఆ పైపులోంచి ఆయిల్‌ని పీల్చుకుంటుంది. క్లాంప్ వదులైనా, పైపు పగిలినా, ఓ-రింగ్ గట్టిపడినా ఆయిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. నేల మీద చుక్క కూడా పడదు కాబట్టి లీకు లేదనుకుని పంపు మీద నింద వేస్తారు. ఆయిల్ తేటగా ఉండి, బెల్టు సరిగ్గా ఉండి, అప్పటికీ మూలిగితే అప్పుడు పంపుని అనుమానించండి. అంతకుముందు కాదు.